సాయంత్రంతో మొదలయ్యే రోజు

కరూ మైదానంలో, దక్షిణాఫ్రికా గాలి అంతా
మా కొండ మీదే విరుచుకుపడే చోట
నా పని అద్దం తుడవటం.
తొంభై ఒక్క పలకల అద్దం.
గుడ్డ తగలకూడదు, వేలు తగలకూడదు.
గొట్టంలోంచి పొడిమంచు చిమ్మితే
దుమ్ము తనంతట తానే లేచిపోతుంది.
ఆదివారం ఊళ్లోకి దిగి
చర్చిలో పిల్లలకు పాఠం చెబుతాను.
రెండు పనులకీ చేతులు ఒకటే,
కడుక్కునే సబ్బూ ఒకటే.

మా నాన్న సారెల్ గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు.
ఒక చలికాలం మంచు పడి పని ఆగినప్పుడు
బేళ్ల లెక్క రాసే నల్లపలక మీద
ఆదాము మొదలుకొని అందరి వయసులూ వేసి కూడాడు.
ఆరువేల చిల్లర వచ్చింది.
పలక చెరపనివ్వలేదు;
ఆ ఏటి బేళ్లు తలుపు మీద రాసుకున్నాడు.
ఆ తలుపు గాలికి కొట్టుకోకుండా
అడ్డం పెట్టిన రాయిలో ఒక పుర్రె ఉంది.
బల్లిదీ కాదు, కుక్కదీ కాదు, రెండు కోరలు.
మ్యూజియం వాళ్లొచ్చి
పాతిక కోట్ల ఏళ్లదన్నారు.
నాన్న విన్నాడు, కాఫీ పోశాడు,
"మంచి బరువున్న రాయి" అన్నాడు.

పోయిన నెల ఏబెన్ అడిగాడు,
ముందుపళ్లు రాలిన ఏడేళ్లవాడు:
"సూర్యుణ్ణి చేసింది నాలుగో రోజు కదా టీచర్,
మరి మొదటి మూడు రోజులూ ఎట్లా తెల్లారింది?"
వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.
నేను రంగు పెన్సిళ్లు పంచాను.

ఆ రాత్రి కంట్రోల్ గదిలో యాద్విగాని అడిగాను.
పోలండ్ మనిషి, దేవుణ్ణి నమ్మదు,
నా బిస్కెట్ల డబ్బా మాత్రం మిగల్చదు.
మొదట్లో అంతా మండే పొగమంచట,
వెలుగు ఉందట గానీ అడుగు కదపలేదట.
మూడు లక్షల ఎనభై వేల ఏళ్లకు తెరిపిచ్చింది.
అప్పటికి ఒక్క చుక్కా పుట్టలేదు.

వెలుగు ముందు, దీపాలు తర్వాత!
లేచిన ఊపుకి కాఫీ ఒలికింది.
పందెం గెలిచినదాన్లా
పొద్దున్నే డొమినీ మాల్హెర్బ గేటు తోశాను.

ముసలాయన కోళ్లకు నూకలు చల్లుతూ విన్నాడు.
"మూడో రోజున గడ్డి మొలిచింది,
పండ్లచెట్లూ మొలిచాయి, సూర్యుడు లేకుండానే.
దానికేమంటుంది మీ యాద్విగా?"
నా దగ్గర మాట లేదు.
"ఆ పుట గొర్రెతోలు లాంటిది తల్లీ.
కొలత చాలలేదని లాగి మేకు కొడితే
ఇటు అందుతుంది, అటు చిరుగుతుంది.
రేపు వాళ్ల లెక్క మారితే
మళ్లీ ఎటు లాగుతావు?"
మా ఇద్దరి మధ్యనుంచి ఒక పుంజు
తీరిగ్గా నడిచిపోయింది.

వారం రోజులు కోపంగానే కొండెక్కాను.
డ్యూటీ రిజిస్టరు తెరిచిన ఒక రాత్రి మాత్రం
చెయ్యి ఆగింది.
మా లెక్కలో రోజు సాయంత్రం మొదలవుతుంది,
అర్ధరాత్రి దాటినా తేదీ మారదు.
ఆ పాత పుటలోనూ అంతే,
చీకటి పడ్డాకే తెల్లవారటం.
రాసినవాడెవడో
మంద దగ్గర రాత్రి కాపలా కాసి ఉంటాడు.
ఇది రుజువు కాదు. డొమినీకి చెప్పలేదు.

ఏబెన్‌కు "నాకు తెలియదురా" అని చెప్పాను.
వాణ్ణీ, వాడి చెల్లెల్నీ, నాన్ననీ
చీకటి పడేవేళ కొండ మీదకు తీసుకెళ్లాను.
దక్షిణాన ఆ మసక మేఘం చూపించి
అక్కణ్ణించి వెలుగు బయల్దేరి
లక్షా అరవై వేల ఏళ్లయిందన్నాను.
పిల్లలు పందెం వేసుకుని పరిగెత్తారు, చలికి.
నాన్న కంబళి సర్దుకున్నాడు.
"అంత దూరం నడిచొచ్చి
మన షెడ్డు మీద పడుతోందా?"
అంతే. దారంతా మాట్లాడలేదు.

మర్నాడు మేత దించడానికి వెళితే
ఆరువేల చిల్లర అట్లాగే ఉంది,
పక్కన వణికిన సుద్దతో ఒక కూడిక గుర్తు.
దాని తర్వాత ఖాళీ పలక.
నేనేమీ అడగలేదు.
గాలి లేచింది.
కోరల రాయిని కాలితో జరిపి
తలుపుకు ఆనించాను.