కొలవని బుష్షు

ఆటోనగర్ మూడో రోడ్డులో, రేకుల షెడ్డు కింద
లేతు మిషను ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు
నాకు పదిహేడేళ్లు.
పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి
మౌలాలి మేస్త్రి చేతులు చాపమన్నాడు.
గోళ్లు చూశాడు. మార్కులు అడగలేదు.

మొదటి ఆర్నెల్లూ ఊడ్చడమే.
ఇత్తడి రజను ఒక డబ్బాలో, ఇనప రజను ఒక డబ్బాలో.
రెండూ కలిస్తే అయస్కాంతం నా చేతికిచ్చి
తనూ పక్కనే కూర్చునేవాడు, ఏరడం అయ్యేదాకా.
ఏడుపొచ్చేది. అమ్మ కట్టిన పెరుగన్నం
రేకుల వేడికి మధ్యాహ్నానికే పులిసేది.

మిషను ఇచ్చిన ఏడాది, ఎండాకాలం, ఒక శనివారం.
బరంపురం లారీ. రొయ్యల మేత లోడు.
డ్రైవరు అప్పలస్వామి గుమ్మంలోనే నిలబడి తొందరపెడుతున్నాడు.
కింగ్ పిన్ బుష్షులు రెండు.
ఒకటి కొలిచాను. రెండోది
కొలిచినంత పని చేశాను.
బెంజి సర్కిల్ దగ్గర కుర్రాళ్లు
సెకండ్ షోకి నాకోసం చూస్తున్నారు.

లారీ వెళ్లిపోయింది. షట్టరు సగం దించాక
మేస్త్రి మైక్రోమీటరు పెట్టె చేతిలోకి తీసుకున్నాడు.
మూత మీద, రెండోది కోసినప్పుడు రేగిన పొడి,
ముగ్గుపిండి చల్లినట్టు సన్నగా,
ఎక్కడా వేలిముద్ర లేకుండా.

"కొలిచావా?"
"కొలిచాను."

షట్టరు మళ్లీ ఎత్తాడు.
కొత్త బుష్షు కోశాడు, మూడుసార్లు కొలిచాడు,
గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు.
జాకీ నా ఒళ్లో పెట్టి లూనా తీశాడు.

రామవరప్పాడు, నిడమానూరు, గన్నవరం,
దారిపొడుగునా ఆయన వీపే.
హనుమాన్ జంక్షన్లో దాబా ముందు దొరికింది లారీ.
అప్పలస్వామి చేతిలో రొట్టె చేతిలోనే ఉంచుకుని తిట్టాడు:
"బండి బాగానే ఉంది కదేటి! నీకేటి, పిచ్చా?"
మేస్త్రి అప్పటికే మోకాళ్ల మీద బండి కిందకి పోయాడు.
టార్చి నేను పట్టాను.
ఊళ్లో పురుగులన్నీ నా మొహం మీదే.

మూడింటికి ఊడింది ఆ బుష్షు.
తుడిచాడు. కొలిచాడు. టార్చి దగ్గరకి జరపమన్నాడు.
మళ్లీ కొలిచాడు.
సరిగ్గా ఉంది.
వెంట్రుకవాసి తేడా లేదు.

నేను నవ్వబోయాను. నిజం, నవ్వబోయాను.
ఆయన దాన్ని నా అరచేతిలో పెట్టి
"ఇది నువ్వు చేసింది కాదురా, అలా కుదిరింది.
శనివారం కూలి దానికే ఇచ్చెయ్యనా?" అని
కొత్తది పట్టుకుని మళ్లీ కిందకి దూరాడు.
తెల్లారాక టీ డబ్బులు నన్నే ఇవ్వమన్నాడు.

మేస్త్రి మేడలేం కట్టలేదు.
పటమటలో అద్దింట్లోనే పోయాడు.
చూపు మందగించాక కూడా గోటితో తడిమి
తేడా ఎంతో చెప్పేవాడు.
ఇప్పటికీ రాయపూర్ డ్రైవర్లు వచ్చి
"మౌలాలి లేతు ఇదేనా" అంటారు.
బోర్డు మీద నా పేరుంది.
అవునంటాను.

నాకిప్పుడు మూడు మిషన్లు, బ్యాంకు అప్పు,
ఆరుగురు పనివాళ్లు, ఒక మోకాలు నొప్పి.
ఇందాక తొమ్మిదింటికి పెట్టె తీశాను.
మూత మీద పొడి.

"కొలిచావా దానియేలూ?"
"కొలిచాను సార్."
వాడి కళ్లు వాడి చెప్పుల మీద.

లారీ ఏలూరు దాటి ఉంటుంది.
ఇంటి నుంచి నాలుగు ఫోన్లు, ఇవాళ మా పెళ్లిరోజు.
బుష్షు సరిగ్గానే ఉండి ఉంటుంది,
నూటికి తొంభైతొమ్మిది పాళ్లు.
ఊరికే, మూత మీద వేలితో ఒక గీత గీశాను.
గీత పక్కన ఇంకా బోలెడు పొడి.

డ్రైవరు నెంబరు నొక్కాను. రింగవుతోంది.
"జాకీ ఎక్కడ పెట్టార్రా" అన్నాను.