సజ్జ మీద కాంట

ఫాతిమానగర్ ఇంట్ల కింద జాగ లేదు.
రైలుకు మిగిలింది సజ్జ ఎత్తే.
తలుపు చౌకట్టు మీదికెళ్లి, ట్యూబులైటు పక్కకెళ్లి
జానెడున్నర చెక్క, నాలుగు గోడలూ చుట్టి.
బియ్యం డ్రమ్ము పైన హసన్‌పర్తి,
బీరువా పైన జమ్మికుంట,
క్యాలెండర్ మేకు దగ్గర కాజీపేట.
అక్కడనే ఆరు కాంటలు.

చేతికి అందవు.
నిజం చెప్తే కండ్లకూ అందవు;
కింద నిలబడితే చెక్క అంచు,
దాని మీద పోయే డబ్బాల నెత్తులు, అంతే.
ఒక్కో కాంటకు ఒక్కోపారి స్టూలెక్కుడు, దిగుడు.
మూడో నాటికి మోకాలు ఎర్రజెండా చూపింది.

మోటార్లు కావాలె.

చౌరస్తాల ముజఫర్ భాయ్
గల్లాపెట్టె మీద మూడు పరిచిండు.
మొదటిది రెండు రాగి చుట్లది.
బటన్ ఒత్తంగనే టక్కున దుంకుతది,
ఒత్తిన వేలు తియ్యకుంటే కాలిపోతది.
"కోపిష్టి, సాబ్. గని మనసుల పెట్టుకోదు."
రెండోది నిమ్మళంగ జరుగుతది,
అసలు కాంట లెక్కనే, మూడు సెకండ్లు,
జరిగినంక ఆనుకొని గట్టిగ నిలబడతది.
మంచిదే. గని చెక్క కిందికి వేలాడుతది,
మంచంల పండుకొని చూస్తే
ఆరు గబ్బిలాలు.
మూడోది సర్వో. వేలి కణుపంత.
ధర తక్కువ, చప్పుడు లేదు.
అప్పుడప్పుడు మాత్రం ఊకెనే వణుకుతది,
పీడకల వచ్చినట్టు.

స్వరూప అన్నది ఒకటే:
"ఎంజీఎంల రాత్రి డ్యూటీ చేసొచ్చి
దాని కింద పొద్దున పండుకునేది నేను.
నోరు లేనిదే తే."

సర్వోలు తెచ్చిన. బిగించిన.
సాయంత్రం పక్కింటి ఓదేలు మామ వచ్చిండు,
ముప్పై ఒక్క ఏండ్లు కేబిన్‌ల లీవర్లు గుంజినోడు,
కుడి భుజం ఇప్పటికీ ఎడమదానికన్న లావు.
కుర్చీల కూసున్నడు. పైకి చూడలే.
"ఏది, కొట్టు."
కొట్టిన మామా.
"పడ్డదా?"
పడ్డది.
"నీకెట్ల ఎరుక?"

నేను స్టూలు దిక్కు చూసిన.

ముసురు పట్టిన రాత్రి, అన్నడు మామ,
దీపం సుత అవుపడదు.
లీవరు గుంజినంక ఊపిరి బిగవడతం.
చేతిని నమ్మద్దు, ఇనుప కడ్డీ సాగుతది,
పడ్డట్టే అనిపిస్తది.
అంత దూరంల ఇనుము ఇనుముకు తగిలి
ఒక్క మాట అనాలె.
అన్నంకనే చాయ్ గుటక.
అనకుంటే లాంతరు పట్టుకొని కంకర మీద నడక.
ఒకపారి పోయి చూస్తే
నాలిక సందుల రాయి.
గింతంత.
రామగుండం బొగ్గుబండి అప్పటికే
కూత పెట్టింది.

మామ చాయ్ చల్లారింది. మల్ల ఏం అనలే.

తెల్లారి చౌరస్తాకు పోయి
రాగి చుట్లది ఒకటి తెచ్చిన.
ఒక్కటే. ఉత్తరం లైను విడిపోయే చోట.
మిగిలిన అయిదు మూగవే, ఉండనీ,
వాటి తప్పుకు డిపోల డబ్బాలే దొర్లుతయి.

బిగించిన మొదటి పొద్దు
దుప్పటి ముసుగు పెట్టుకొని స్వరూప పండుకున్నది.
ఓపిక పట్టలేక ఒత్తిన.

టక్.

గది అంతా ఆగింది.
ఇగ తిట్లు వస్తయని
నేను రిమోటు వెనక్కి దాచుకున్న.
ముసుగుల నుంచి, నిద్రల నుంచి,
నైట్ డ్యూటీ గొంతుతోని అన్నది:

"పడ్డది. పోనియ్యి బండి."