వినే చోటు

బల్ల మీద ఐదు రోజులుగా అదే పెట్టె.
బిస్కెట్ల రేకుడబ్బాకు బెజ్జాలు పెట్టి చేసింది.
లోపల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు,
సబ్బుబిళ్ళంత కెపాసిటరు,
ఎనిమిది కాళ్ళ ఆప్-ఆంప్ ఒకటి.
చూడబోతే నల్లపురుగు, పొగరు మాత్రం ఏనుగంత.

అడిగింది పక్కింటి అలోయ్జియా.
ఫిబ్రవరి అయిపోవస్తోంది, బోహిన్‌లో మంచు
మధ్యాహ్నాలు చూరు నుంచి కారుతోంది.
తేనెపెట్టెల చట్రాలు నూట నలభై ఉన్నాయి.
ఒక్కోదానికీ తీగలు బిగించి, పైన మైనపు రేకు పరిచి,
కరెంటు పారిస్తే తీగ వెచ్చబడి మైనంలోకి దిగాలి.
దిగాలంతే. కోయకూడదు.
"స్కీ లిఫ్టుతో మనుషుల్ని కొండెక్కిస్తావు కదా,
ఒక తీగను మైనంలోకి దించలేవూ?"

మొదటి రోజు నాబు ఎటు తిప్పినా పంతొమ్మిది.
తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటూ
అక్కడే బైఠాయించింది.
అయినా తగిలించాను. ఊరికే, చూద్దామని.
నాలుగు తీగలు, ఐదు ముక్కలు.
ఆవిడ పల్లెత్తు మాట అనలేదు.
ముక్కలేరి ఆప్రాన్ జేబులో వేసుకుంది.

రాత్రి భూతద్దం పెట్టి చూస్తే
ప్లస్సుకు పోవాల్సింది మైనస్సుకు, మైనస్సుది ప్లస్సుకు.
ఎక్కువైందయ్యా అని చెప్పిన కొద్దీ
ఇంకా ఎక్కిస్తోంది పాపం.
తప్పు దానిది కాదు. చెవులు నేను తారుమారుగా అతికాను.

రెండో జబ్బు ఇంత తేలిగ్గా దొరకలేదు.
ఉత్తినే ఉంటే పన్నెండు, గుంజ పాతినట్టు.
చట్రం తగిలిస్తే పది.
మైనం చెమర్చేది, తీగ దిగేది కాదు.
ట్రాన్స్‌ఫార్మరును అనుమానించాను. దాని ఒంట్లో బలం బాగానే ఉంది.
జెనర్‌ను అనుమానించాను. ఐదూ పాయింట్ ఒకటి, ముని.
ట్రాన్సిస్టరును ముట్టుకుని వేలు కాల్చుకున్నాను.
ఆప్-ఆంప్ పీకి కొత్తది పెట్టాను,
కొత్తదీ పాతపాటే పాడింది.
మా నేజ అన్నం పళ్ళెం తెచ్చి రేకుడబ్బా పక్కన పెట్టి
మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఐదో రోజు, వేరే ఏమీ తోచక,
మీటరు ముల్లు చిప్పు ఆరో కాలు మీద ఆనించాను.
పన్నెండు పాయింట్ ఏడు.
చట్రం తగిలించాను. పన్నెండు పాయింట్ ఏడు.
తీశాను. అదే.
నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.
అది తన నోటి దగ్గరే తన మాట వింటోంది.
అంతా సవ్యంగానే చెప్పానని మురుస్తోంది.
ట్రాన్సిస్టరు ఎంత మింగిందో,
నేను వాడిన కాలింగ్‌బెల్ వైరు ఎంత నంజుకుందో
దానికెవరు చెప్పారు కనుక?

ఆకుపచ్చ వైరు ఒకటి, మీటరు పొడవున్నది,
చట్రాన్ని పట్టే క్లిప్పు దగ్గర నుంచి నాబుకు తెచ్చి అతికాను.
వినాల్సింది అక్కడ, అని.
ఆ చివర పన్నెండు నిలబెట్టడానికి
ఈ చివర పద్నాలుగు దాకా గొంతెత్తింది పిచ్చిది.
వెంటనే వంటింటి రేడియో
వడియాలు వేయించినట్టు చిటపటలాడింది.
దూరం నుంచి వింటే తొందరపాటు ఎక్కువ.
చిన్న కెపాసిటరు ఒకటి అడ్డం వేస్తే సద్దుమణిగింది.

ఏడు దగ్గర నాబు ఇప్పటికీ గరగరమంటుంది.
ఏడుతో ఎవరికీ పని లేదు.

అలోయ్జియా మీటరు వైపు చూడలేదు.
మైనానికి చెవి దగ్గరగా పెట్టి నాబు తిప్పింది,
పదకొండున్నర దాటాక చెయ్యి ఆపింది.
ఎన, ద్వే, త్రి అని లెక్కబెట్టి క్లిప్పు లాగేసింది.
గదంతా పోయిన వేసవి వాసన.
చట్రం ఎత్తి కిటికీకి పట్టి చూసింది.
రేకు నిండుగా ఉంది, నాలుగు తీగలూ లోపల,
చర్మం కింద నరాల్లా.

"ఇంకా నూట ముప్ఫై తొమ్మిది" అంది,
నాకూ ఒక కుర్చీ లాగుతూ.