గోరులో సగం

రియో మాయోలో గాలి టోపీని అడగదు, తీసుకుపోతుంది.
కప్పుల మీద రేకులు లేవకుండా పాత టైర్లు పేరుస్తారు.
కుక్కలు సైతం గోడవార పట్టుకుని
ఒక పక్కకి ఒరిగి నడుస్తాయి.

ఓవిడియో షెడ్డు ముందు నా బండి ఆగింది.
ఆగలేదు నిజానికి.
క్లచ్ మొత్తం పట్టుకున్నా ముందుకే పాకింది,
అతని తలుపుకి మెల్లగా తల ఆనించి
అప్పుడు చచ్చింది.

"గొర్రెల డాక్టరమ్మకి తలుపు తట్టడం రాదా?" అంటూ వచ్చాడు.

కుడిచేత్తో లివర్ నొక్కి చూశాడు.
అప్పు ఎగ్గొట్టబోయేవాడి కరచాలనంలా
అది హ్యాండిల్ దాకా వచ్చేసింది.
రెండోసారి కాస్త బిగిసింది. మూడోసారి ఇంకాస్త.
ఒక్క నిమిషం వదిలేస్తే మళ్లీ మెత్తన.
కింద సిలిండర్ చుట్టూ వేలితో తుడిచి, వాసన చూశాడు.
"కారడం లేదు. బ్రేకు నూనె ఎవరూ పోయలేదు కదా?
ఇది మినరల్ ఆయిల్ తాగే జాతి."
పోయలేదన్నాను.
"అయితే గాలి."

అప్పుడే వీధి చివర ఎవరిదో రేకు లేచి
ఎక్కడో పడిన చప్పుడు.
ఊళ్లో ఇంత గాలి చాలక
గొట్టంలోకి కూడానా!

ఎంత ఉంటుందంటే చిటికెనవేలి గోరు చూపించాడు.
ఆలోచించి, అందులో సగం అన్నాడు.

నూనె నలగదు. ఇక్కడ తోస్తే అక్కడ తోస్తుంది,
దానికి తెలిసిన విద్య అంతే.
గాలి అలా కాదు, ఎంత నొక్కినా సరే సరే అంటుంది,
నలిగి ఊరుకుంటుంది,
అవతల క్లచ్ పలకలకి కబురే అందదు.
ఇదంతా నేను అనుకున్నది.
అతను అన్నది: "దొంగ వెధవ."

పంపు లేదు అతని దగ్గర. నా సంచి చూశాడు,
గొర్రెలకి టీకాలు వేసే పెద్ద సిరంజి చూశాడు.
"కిందనించి ఎక్కిద్దాం. పైకి పోవడం దాని బుద్ధి,
దాని దారిలోనే సాగనంపుదాం."

పోయిన చలికాలం నుంచి అతని ఎడమచెయ్యి సరిగా ముడుచుకోదు.
అందుకని పానా అతనిది, సిరంజి నాది,
పైన డబ్బా మూత తీసి, టార్చి పట్టుకుని సెల్మిరా.
"పావు తిప్పాను, తోయి. ఆగు. తోయి.
నువ్వు ఊపిరి బిగబట్టనక్కర్లేదు."
పైనుంచి సెల్మిరా లెక్క చెబుతోంది:
ఒకటి.
చిన్నది.
ఏం లేదు.
ఏం లేదు.
చారులో పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయాను.
అమ్మో, ఇదిగో, పెద్దది!

అయినా ఇంకా కొంచెం మెత్తదనం.
సైకిలు ట్యూబు ముక్కతో లివర్‌ని హ్యాండిల్‌కి బిగించి కట్టాడు.
"మిగిలింది రాత్రికి అదే ఎక్కుతుంది. అడుగంటిన చారు తిందాం రా."

ఉన్ని బస్తాల మీద పడుకున్నాను.
బయటి గాలి తెల్లవార్లూ తలుపు గుంజింది.
లోపలిది, ఆ గోరులో సగం,
గొట్టం వంపు దగ్గర ఆగి, తేల్చుకుని,
ఏ జాములో పోయిందో చెప్పి పోలేదు.

పొద్దున ట్యూబు విప్పాడు.
లివర్ రెండు వేళ్ల దూరం వచ్చి నిలబడిపోయింది.
ఎడమచేత్తో పట్టుకుని చూశాడు, తనకి తెలుసుగా,
అయినా చూశాడు. కదల్లేదు అది.
కొంతసేపు ఆ చేతిని తిప్పి తిప్పి పరీక్షించాడు.
"దీనికి గాలి తీసే నట్టు ఎక్కడుందో."
"నోరే," అంది సెల్మిరా కెటిల్ దించుతూ,
"ముప్ఫయ్యేళ్లుగా తెరిచే ఉంది."
ముందు అతనే నవ్వాడు.

డబ్బు తీసుకోలేదు. సిరంజి ఉంచుకున్నాడు.
మొదటి గేరు టక్కున పడింది, బండి నేను చెప్పేదాకా కదల్లేదు.
నలభై కిలోమీటర్ల అవతల
మూడు వందల గొర్రెలు దొడ్లో నిలబడి ఉన్నాయి,
నా దగ్గర మిగిలింది పిల్లులకి వాడే సిరంజి.