ఏడో గడిలో చుక్క

సస్సువోలోలో ఉదయం ఎనిమిదిన్నర.
బట్టీల నుంచి లేచిన మట్టిపొడి
కిటికీ అద్దం మీద పల్చగా కూర్చుంది.
తిత్సియానో మమ్మల్ని కాఫీ మెషిన్ పక్కన నిలబెట్టాడు.
నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు,
ఎక్కడ ఆగిపోయావు?
ఎర్మెస్ కప్పులోంచి తల ఎత్తలేదు.
"నిన్న ధరల ప్రోగ్రాం. ఇవాళ ధరల ప్రోగ్రాం.
ఆగడమా,
తొంభై నాలుగు నుంచి అది ఒక్క పూట ఆగలేదు,
అదే దాంతో వచ్చిన చిక్కు."

గోడకి పసుపు చీటీలు అంటించాం.
సాయంత్రానికి పొడి తగిలి జిగురు చచ్చి
సగం పనులు నేల మీద.
"చూశావా," అన్నాడు ఎర్మెస్,
"వాటంతటవే అయిపోయాయి."

ధరల ప్రోగ్రాంకి పదకొండు కాపీలు.
పాతది, కొత్తది, కొత్తదే,
ఎర్మెస్ సెలవుకి ముందుది,
ముట్టుకోవద్దు.
అన్నీ పది అక్షరాల్లో కుక్కిన పేర్లు.

ఇక్కడ ఏ లైనునూ ఎవరూ చెరపలేదు.
ఏడో గడిలో ఒక చుక్క పెడతారు, అంతే.
ఆ లైను నోరు మూసుకుని
ఉన్నచోటే ఉండిపోతుంది.
ఎడమ అంచున అయిదు గళ్ళ జాగా,
అందులో పొడి అక్షరాలు, ఏడాది.
నీ.బ., తొంభై ఏడు.
నీవెస్ బార్బొలీని. నేను పుట్టిన ఏడు.

శుక్రవారం రాత్రి అంతా గిట్‌లోకి ఎక్కించాను.
నాలుగు వేల ఆరు వందల మెంబర్లు, ఒక్క కమిట్.
"తొలి దిగుమతి" అని రాసి ఇంటికెళ్ళి పడుకున్నాను.

సోమవారం ఎర్మెస్ ఒక లైను చూపించి ఎవరిదన్నాడు.
బ్లేమ్ కొట్టాను.
తెర పొడుగునా నా పేరే.
లిరాలను యూరోలు చేసిన లైను: ఇలారియా.
అర సెంటు ఎటు ఒరగాలో
తెల్లారి లారీలు గేటు చేరేలోపు తేల్చిన లైను: ఇలారియా.
అప్పుడు నాకు నాలుగేళ్ళు.
"ముప్ఫై ఏళ్ళ తప్పులు ఒక్క రాత్రిలో
నెత్తికెత్తుకున్నావే పిల్లా!"
నాకు నవ్వు రాలేదు.

మొత్తం చెరిపేశాను.
బీరువాలోంచి టేపులు దించాం. ఏడు చదవలేదు.
మిగిలినవి పాతదాని వెనక కొత్తది,
ఏ కాపీ తేదీ దానికే,
ఎవరి లైను వాళ్ళ పేరుకే.
ఒక స్ప్రింటు, ఇంకో సగం, అందులోనే పోయాయి.
దీనివల్ల కొనేవాడికి ఒరిగేదేమిటన్నాడు తిత్సియానో.
"ఏమీ లేదు," అన్నాడు ఎర్మెస్, వేళ్ళు ఆపకుండా.

గా.వి. ఎవరో ఎవరికీ తెలియలేదు.
పావుల్లోలో ఉన్న నీవెస్‌కి ఫోన్ చేశాం.
చాలాసేపు ఆలోచించింది.
"గాస్పరే! వేసవిలో వచ్చిన కుర్రాడు.
ఆరు వారాలున్నాడు.
ఆ అర సెంటు వాడే పట్టుకున్నాడు,
నేను కాదు."

ఇవాళ ఎర్మెస్ మొదటిసారి
చుక్క పెట్టిన లైను ఒకటి చెరిపాడు.
తన లైనే.
ఎక్కడికీ పోదన్నాను.
కమిట్ చేసి, చరిత్ర తెరిచి చూశాడు. ఉంది.
లేచి వెళ్ళి కప్పు కడుక్కుని వచ్చి
మళ్ళీ తెరిచి చూశాడు.