కాంటా కాడ

ధర్మాబాద్ మిర్చి గోదాంల
నాది కాంటా పని.
గంప ఎక్కుతది, ముల్లు ఊగుతది,
ముల్లు ఆగకముందే నా నోరు అంకె చెప్తది.
గంపకు పావుకిలో తరుగు, దుమ్ము పేరు మీద.
పదకొండేండ్ల సంది ఒక్కరు అడుగలేదు,
ముచ్చికలు తీసేటోళ్ల ఛాతీలకు పోయిన దుమ్ము
మళ్లా తూకంలకెల్లి ఎట్ల పోతదని.

మొన్న సోమవారం షట్టర్ పక్క గోడకు
సర్కారు కాయితం అంటిచ్చి పోయిండ్రు, మరాఠీల.
ఆడోళ్లు గంపలు దించి చుట్టు చేరిండ్రు.
చదువచ్చినోన్ని నేనొక్కన్నే.
"కిమాన్ వేతన్" అని మొదలువెట్టిన.
"కిమాన్ అంటే?" అన్నది మల్కవ్వ.
కనీసం, అన్న.

అన్నంక నాకే నాలుక మండింది.
కనీసం అని మనం ఎప్పుడంటం?
కనీసం ఛాయ్ పైసలన్న ఇయ్యి.
కనీసం పిలగాన్ని దవాఖానకన్న తీస్కపోనియ్యి.
కనీసం కూసోనియ్యి.
అన్నీ అడిగి, అన్నీ లేదనిపిచ్చుకున్నంక
గంప అడుగున మిగిలే మాట అది.
ఆ మాటకే మొహరు గుద్ది పంపిండ్రు
పెద్దపెద్ద అక్షరాలల్ల.

అంకె కాడికి వచ్చేసరికి ఘాటు గొంతుల వడ్డది.
మళ్లా చదివిన. మళ్లా దగ్గు.
మూడోసారి వేలువెట్టి చూపిచ్చిన.

గంజెవార్ సేటు లోపట్నుంచి వచ్చిండు.
మొఖంల కోపం లేదు. కుర్సీ తెప్పిచ్చుకుండు.
"ఇది రోజుకూలోళ్లకు, అవ్వా.
మీది కిలో లెక్క. ఎంత తీస్తే అంత.
మీకు మీరే సేట్లు.
రేటు పెంచుమంటె మెషిన్ తెస్త,
లేకుంటె గోదారి దాటి బాసర దిక్కు షెడ్డేస్త.
ఆడ ఇంకో సర్కారు, ఇంకో కాయితం."
ఆయన అప్పుల బుక్కు రాసేది నేనే.
అబద్ధమాడుతలేడు.
అదే కష్టం.

జైతునబీ ముక్కుకు కట్టిన బట్ట కిందికి గుంజింది.
"నిజమే సేటు, మెషిన్‌కు వేళ్లు మండయి.
ఇంటికివొయ్యి
పిల్ల కండ్లు తుడిచే పని గూడ లేదు దానికి."

రోజుకూలే గావాలె, అన్నరు పడుచోళ్లు.
పోసానవ్వ గోడకానుకొని
"నాకద్దు బిడ్డా" అన్నది.
"రోజు లెక్కయితె ఉడుకు నెత్తురునే ఏరుకుంటరు.
గేటు కాడ్నే నన్ను మలుపుతరు.
గిప్పుడైతె పద్నాలుగు కిలోలన్న నాయి."
ఎవ్వరు మాట్లాడలే.
ఆమె ముచ్చట ఆ కాయితంల యాడ లేదు.

"గా అంకెకు ఎన్ని కిలోలు తియ్యాలె, కాంటా?"
అడిగింది మల్కవ్వ.
(నా పేరు ఈరేశమని వాళ్లకు తెల్వదు.)
తూకం చీటీ ఎనుక భాగారం చేసిన.
నమ్మక ఇంకోసారి చేసిన.
ఇప్పటిదాక నేను రాసినదాంట్ల
అందరికంటె ఎక్కువ తూకం మల్కవ్వదే,
నలభై రెండు, కోడలి వేళ్లు కలిపి.
జవాబు దానికి రెండింతలు దాటింది.
చీటీ మడిచి చేతుల వెట్టిన.
ఆమెకు అక్షరం రాదు.
నా మొఖం చదువుకున్నది.

ఏమీ తెగలె.
లేబర్ సాబు నాందేడ్ నుంచి బుధవారం వస్తడట,
బస్సు దొరికితె.
గంపలు లేచినయి.

పొద్దుమూకినంక తూకం.
పోసానవ్వ గంప కాంటా మీదికెక్కింది.
ముల్లు ఊగింది.
ఈసారి నేను దాని మీదికి ఉరుకలె,
నిలవడేదాక చూసిన.
పద్నాలుగుంబావు.
పద్నాలుగుంబావు అనే చెప్పిన.
ఆమె నా దిక్కు చూసింది,
తప్పు చెప్పిన్నేమో అనుకున్నట్టు.
తరుగు గడి ఖాళీగ ఇడిసిపెట్టిన.
రాత్రికి సేటు బుక్కు తెరుస్తడు.

ఇంటికివొయ్యి
సబ్బువెట్టి రెండుసార్లు చేతులు కడిగిన.
అయినా కండ్లు ముట్టుకోలె.