సద్ది గల్లి

మెడలో తాడు, తాడుకు అట్ట,
అట్ట మీద నా పేరు, ఒక అక్షరం తక్కువగా.
షార్జాలో ఖాలిద్ లాగూన్ పక్కన పెద్ద హాలు.
మూడు రోజుల పటాల సభ.
బయట అక్టోబరు, అయినా ముప్పై ఎనిమిది.
లోపల అందరం శాలువాలు కప్పుకుని వణుకుతున్నాం.

ఇక్కడ మేమంతా ముందే తెలిసినవాళ్లం,
మొహాలే కొత్త.
ఆరేళ్లుగా నా గీతలు దిద్దుతున్న మనిషి
కాఫీ దగ్గర ఎదురై, అట్ట చదివి,
"ఓ, ఆ కల్వర్టులు నువ్వేనా!" అని చేయి కలిపాడు.
చుట్టరికానికి అంతకన్నా ఏం కావాలి.

తెర మీద సముద్రపు గీత జరుగుతోంది.
ఇసుక పోసినకొద్దీ ఒడ్డు ముందుకు పోతుంది,
పాకే పిల్లాడి వెనక అన్నం గిన్నెతో తిరిగినట్టు
మేం దాని వెనకే గీస్తూ పోతాం.
సూడాన్ ఇద్రీస్ మాస్టారు ఎర్ర చుక్కతో
పాత ఒడ్డును కాసేపు తడిమి, ఆర్పేశారు.

మధ్యాహ్నం చిన్న గదిలో వాదన:
పేరు లేని సందులకు ఏం రాయాలి?
టాలిన్ నుంచి వచ్చిన హెల్మా వేలెత్తి సూత్రం చెప్పింది.
నేల మీద కనబడిందే పటంలోకి.
బోర్డు ఉంటే రాయి, లేదంటే ఖాళీగా వదిలెయ్.
నేనూ తలూపాను. మంచి సూత్రమే అది.
ఎంతమంది నోరు మూయించానో దాంతో.

నిచ్చెన మీద ఒకాయన జారిన ఫ్లెక్సీకి తాడు కడుతున్నాడు.
నా లాప్‌టాప్ మీద అతికించిన బండి ఱ చూసి
దిగుతూ అడిగాడు, "మనోళ్లేనా మేడం?"
గుగ్గిళ్ల రాజేశం. జగిత్యాల అవతల.
బోర్డులు రాసే పని అంటే వచ్చాడు.
రాయడం మిషన్‌కి పోయింది, కట్టడం ఆయనకి మిగిలింది.

"మా క్యాంపు ఉన్నదా అండ్ల?"
సజ్జ అన్నాడు. మనవాళ్ల నోట్లో పడి పంట పేరైన చోటు.
తీశాను. కప్పులున్నాయి, నూట పన్నెండు,
ఎవరో ఆకాశం నుంచి చూసి ఓపిగ్గా గీసినవి.
మధ్యలో సందులు బూడిదరంగులో, మూగగా.
ఆయన తెరకు వేలు తగలనివ్వకుండా గాలిలోనే చూపించాడు:
"గిది సద్ది గల్లి.
పొద్దుగాల నాలుగింటికి బస్సు.
మనుషులింక నల్లా కాడ్నే ఉంటరు,
సద్ది డబ్బలు ముందుగాల్నే వచ్చి లైన్ల నిలవడ్తయి.
డబ్బ ముందుంటె మనిషి ముందున్నట్టే.
బిహారోళ్లు గూడ గదే పేరంటరు, నేపాలోళ్లు గూడ."

బోర్డు ఉందా, అన్నాను.
అన్నాక నా గొంతు నాకే హెల్మాలా వినిపించింది.
ఆయన నవ్వలేదు. కొలత అడిగే మేస్త్రీలా అడిగాడు:
"ఉంటె రాస్తరా?"

మూడో రోజు వ్యానులో పదకొండు మందిమి
లిగాయా ఒళ్లో పుట్టగొడుగు లాంటి యాంటెనాతో బయల్దేరాం.
సందు మొదట్లో నీలం డ్రమ్ము, ఇసుకతో నింపి నిలబెట్టింది.
తెల్ల పెయింటు వాసన.
ద వత్తుకు నీడ దింపి, మిషన్‌కి రాని చేత్తో:
సద్ది గల్లి.
కింద అరబ్బీలో ఎవరిచేతో రాయించిన వంకర వరస.

హెల్మా డ్రమ్ము చుట్టూ తిరిగింది.
ఇది ఎప్పట్నుంచి ఉంది?
పేరా, డ్రమ్మా? అన్నాను.
వంగి ముట్టుకుంది. వేలికి తెల్లగా అంటింది.
ఎండలో నిలబడి ఆ వేలు చూసుకుంది చాలాసేపు.
తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, అక్షరాలు నువ్వు కొట్టు, అంది.
ఆధారం గడిలో తనే రాసింది: స్వయంగా చూశాను.

సాయంత్రం హాలుకి వెళ్లేసరికి
మా సభ పేరు చాపలా చుట్టుకుని
రాజేశం భుజం మీద ఉంది.
ఫోన్ చూపించాను.
పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, మళ్లీ పెద్దది.
"దీర్ఘం పడ్డది మేడం. గల్లీ కాదు. గల్లి."

తీసేశాను.
మార్పుకు ఆధారం? అని గడి మళ్లీ అడిగింది.
రాజేశం, అని రాశాను.